ఐదు నుంచి మూడుకు దించితే మునిగేదెవరు? శాసనసభ్యులకు కొల్లేరు నుంచి బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ శాసనసభ, శాసన మండలి సభ్యులందరికీ,
అటవీ, జలవనరుల, మత్స్య శాఖల మంత్రులకు, ఉన్నతాధికారులకు,
ఏలూరు, పశ్చిమ గోదావరి జిల్లాల యంత్రాంగానికి

అయ్యా, అమ్మా,

నమస్కారం. నేను కొల్లేరు లంక గ్రామంలో పుట్టి పెరిగినవాణ్ణి. తాతల నాటి నుంచి మా ఇంటికి వల, దోనె తప్ప వేరే ఆస్తి లేదు. ఇక్కడ రాస్తున్న సంగతులన్నీ ఇంతకుముందు అర్జీలుగా ఇచ్చినవే. ఒక అర్జీకి "పరిష్కరించబడింది" అని ఫోనుకు మెసేజ్ వచ్చింది. ఏం పరిష్కరించారని అడగబోతే, అసలు ఆ విషయం తమ కిందికి రాదన్నారు. ఒకరు నీళ్లు మావి కావంటారు, ఒకరు గట్లు మావి కావంటారు, ఇంకొకరు చేపలు మాత్రమే మావంటారు. అందుకని ఈసారి ఏ ఒక్క కార్యాలయానికీ కాకుండా అందరికీ కలిపి, పదిమందీ చదివేలా రాస్తున్నాను.

సంగతి కాంటూరు గురించి, అంటే సముద్రమట్టం నుంచి ఒకే ఎత్తులో ఉన్న చోట్లను కలిపి మ్యాపు మీద గీసే గీత గురించి. మా ఊళ్లలో బడికి వెళ్లే పిల్లలకు కూడా ఈ మాట తెలుసు. సముద్రమట్టానికి ఐదు అడుగుల ఎత్తు గీత లోపల ఉన్న కొల్లేరు 308 చదరపు కిలోమీటర్లు, అంటే 76 వేల ఎకరాలకు పైమాట. 1999 అక్టోబరులో ప్రభుత్వం ఈ గీత వరకూ అభయారణ్యంగా ప్రకటించింది. 2002లో రామ్‌సర్ ఒప్పందం కింద అంతర్జాతీయ ప్రాధాన్యమున్న చిత్తడి నేలగా గుర్తింపు వచ్చింది. 2006లో సుప్రీంకోర్టు ఆదేశాలతో గీత లోపలి చేపల చెరువుల గట్లు పగలగొట్టారు. ఆ తర్వాత రెండేళ్లకు, 2008లో, ఉమ్మడి రాష్ట్ర శాసనసభ ఈ గీతను ఐదు నుంచి మూడు అడుగులకు దించాలని తీర్మానించింది. మూడుకు దించితే మిగిలేది సుమారు 135 చదరపు కిలోమీటర్లు. కేంద్రం వేసిన అజీజ్ కమిటీ వచ్చి, చూసి, ఐదో కాంటూరునే ఉంచాలని చెప్పి వెళ్లింది. అయినా ఆ కోరిక చావలేదు. అధికారంలో ఉన్నవాళ్లూ ప్రతిపక్షంలో ఉన్నవాళ్లూ ఏకమయ్యే విషయాలు మన రాష్ట్రంలో చాలా తక్కువ. వాటిలో ఇదొకటి కావడం మాకు భయం కలిగిస్తోంది.

గీతను దించాలనే సభ్యులు చెప్పే మాట ఒకటే: పక్షుల కోసం మనుషుల పొట్ట కొట్టకూడదు. వినడానికి బాగుంటుంది. కానీ కొల్లేరు తగవు పక్షులకూ మనుషులకూ మధ్య కాదు. చెరువు ఉన్న మనిషికీ లేని మనిషికీ మధ్య. లేనివాళ్ల వైపు నుంచి ఏం జరుగుతోందో వరసగా చెప్తాను.

1. ముంపు.

కొల్లేరు కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య ఉన్న పల్లం. మైలవరం కొండల నుంచి బుడమేరు, ఖమ్మం వైపు నుంచి తమ్మిలేరు, వాటితో పాటు రామిలేరు, గుండేరు, డెల్టా మురుగు కాల్వలు పదుల సంఖ్యలో వచ్చి ఇందులోనే కలుస్తాయి. బయటికి పోయే దారి మాత్రం ఒక్కటే, ఉప్పుటేరు. అరవై కిలోమీటర్ల పైచిలుకు వంకరటింకరగా పోయి బంగాళాఖాతంలో కలుస్తుంది. పెద్ద వరద రోజున కొల్లేరులోకి లక్ష క్యూసెక్కులకు పైగా నీరు దిగవచ్చని ఇంజినీర్ల లెక్క. ఉప్పుటేరు మోయగలిగేది అందులో చిన్న భాగమే. మిగతా నీరు కొన్నాళ్లు ఎక్కడో ఒకచోట నిలబడాలి కదా. ఆ నిలబడే చోటే ఐదో కాంటూరు. ఇంకా వస్తే పదో కాంటూరు దాకా, అంటే 901 చదరపు కిలోమీటర్ల వరకూ పరుచుకుంటుంది. సరస్సు చేసే పని ఇది. ఏ పంపుసెట్టూ, ఏ కరెంటూ లేకుండా వేల ఏళ్లుగా చేస్తోంది.

ఇప్పుడు ఆ నిలబడే చోట్లో మనిషెత్తు గట్లు లేచాయి. గట్టు లోపల నీరు ముందే నిండి ఉంటుంది, వరదకు చోటు లేదు. కాబట్టి వరద గట్టు లేని వైపు వెళ్తుంది. గట్టు లేనిది మా ఇళ్లకు, మా చుట్టుపక్కల వరి రైతుల పొలాలకు. చెరువు గట్టు మీద పొక్లెయిను రాత్రికి రాత్రి మట్టి ఎత్తు పెంచుతుంది. మా అరుగు ఎత్తు పెంచుకోవడానికి మాకు పదేళ్లు పడుతుంది.

2024 సెప్టెంబరు గుర్తుంది కదా. బుడమేరు కట్టకు గండ్లు పడి విజయవాడ సింగ్‌నగర్ రోజుల తరబడి నీళ్లలో ఉంది. టీవీలన్నీ అక్కడే ఉన్నాయి, ఉండాలి కూడా, అది మాటలకందని కష్టం. విజయవాడలో నీరు తగ్గడం మొదలయ్యాక కెమెరాలు వెళ్లిపోయాయి. ఆ నీరు ఎక్కడికి వెళ్లిందని అడిగినవాళ్లు లేరు. మా దగ్గరికి వచ్చింది. ఏలూరు–కైకలూరు రోడ్డు మీద నీరు పారి రాకపోకలు ఆగిపోయాయి. లంక ఊళ్లకు పడవలే దిక్కయ్యాయి. బెజవాడ ముంపు వేరు, కొల్లేరు ముంపు వేరు అని ఎవరైనా అనుకుంటే పొరపాటు. దిగువన పల్లెం చిన్నదైతే పైన పోసింది పొంగక తప్పదు. కాంటూరు తగ్గింపు కైకలూరు, ఉంగుటూరు, దెందులూరు నియోజకవర్గాల స్థానిక విషయమని మిగతా సభ్యులు చేతులెత్తేస్తే, ముఖ్యంగా విజయవాడ, మైలవరం, గన్నవరం సభ్యులు ఎత్తేస్తే, తమ ఓటర్ల ఇళ్లలోకి వచ్చే నీటికి తామే ఓటు వేసినట్టు.

2. తాగునీరు.

చుట్టూ నీళ్లే. తాగడానికి మాత్రం ఇరవై లీటర్ల టిన్ను కొనుక్కోవాలి. మా పెద్దవాళ్లు దోనెలో చేపల వేటకు వెళ్తే దాహమేసినప్పుడు సరస్సు నీళ్లే దోసిలి పట్టి తాగేవాళ్లు. కిక్కిస, తుంగ ఒత్తుగా ఉన్నచోట నీరు తేటగా ఉంటుందని వాళ్లకు తెలుసు. ఆ గడ్డి మొదళ్లలో బురద నిలిచిపోతుంది, నీటిలోని సారాన్ని వేళ్లు పీల్చుకుంటాయి. చెరువుల కోసం గడ్డిని పీకేశారు. ఎగువ పట్టణాల మురుగు, పొలాల పురుగుమందులు, ఎరువులు, చెరువుల నుంచి వదిలే మేత నీరు వడకట్టే దిక్కు లేకుండా వచ్చి చేరుతున్నాయి.

ఇది ఒక వైపు. వేసవిలో రెండో వైపు నుంచి ఉప్పు వస్తుంది. కొల్లేరులో నీటిమట్టం పడిపోతే ఉప్పుటేరు వెనక్కి పారుతుంది, సముద్రపు పోటు నీరు లోపలికి ఎక్కుతుంది. భూగర్భ జలం కూడా ఉప్పబారుతోంది. ఉప్పుటేరు మీద ఆ పోటును ఆపే రెగ్యులేటర్లు (గేట్ల కట్టడాలు) కడతామని మేము వింటూనే ఉన్నాం. శంకుస్థాపనలు కూడా చూశాం.

2020 డిసెంబరులో ఏలూరులో వందల మంది ఉన్నట్టుండి ఫిట్స్ వచ్చి పడిపోయారు. రోగుల రక్తంలో సీసం, నికెల్ ఉన్నట్టు ఢిల్లీ ఎయిమ్స్ పరీక్షల్లో తేలింది. దాన్ని నేను కొల్లేరుకు అంటగట్టడం లేదు, అందుకు నా దగ్గర ఆధారం లేదు. అడిగేది ఒక్కటే. ఏలూరు లాంటి పట్టణానికే నీటి మీద, తిండి మీద అనుమానం వచ్చాక, ఏలూరు మురుగు దిగే చోట బతికే లంక ఊళ్ల నీటి పరీక్ష ఫలితాలు మా ఊరి గోడ మీద ఎందుకు అంటించరు?

3. వేట, కూలి.

కొర్రమీను, వాలుగ, మార్పు, జెల్ల, ఇంగిలాయి, వీటిని మేము నల్లజాతి చేపలంటాం. ఇవి ఎవరూ వేయకుండా, మేత పెట్టకుండా పెరిగేవి. వరద వచ్చినప్పుడు పల్లాల్లోకి ఎక్కి గుడ్లు పెట్టి, నీరు తీసినప్పుడు పిల్లలతో సరస్సులోకి దిగేవి. చేపలు పట్టే మావులు పెట్టినవాడికి, చేతివల విసిరినవాడికి, ఆఖరికి గాలం వేసిన పిల్లాడికి కూడా ఆ పూట కూర దొరికేది. పైసా పెట్టుబడి లేని తిండి అది. లెక్కల్లో ఎక్కడా కనిపించదు, అందుకే పోయినప్పుడు కూడా ఎవరి లెక్కలోకీ రాలేదు. గట్లు లేచాక చేప పైకి ఎక్కే దారీ లేదు, దిగే దారీ లేదు. మిగిలిన నీటి దారుల్లో వల వేయబోతే, ఇది మా లీజు అని కాపలావాళ్లు తరుముతారు. అభయారణ్యంలో వల వేశావని కేసు పెట్టేదీ మా మీదే. పక్కనే యాభై ఎకరాల అక్రమ చెరువు ఉన్నవాడి మీద కాదు.

సొసైటీల గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే పేదల చెరువులు అన్న మాట సభలో ఎక్కువగా వినిపిస్తుంది. 1970ల్లో మత్స్యకార సహకార సంఘాలు పెట్టి చెరువులు ఇచ్చిన మాట నిజం. మా వాళ్లు కొన్నాళ్లు బాగుపడిన మాటా నిజం. చెరువు తవ్వడానికి, పిల్ల వేయడానికి, మేతకు లక్షలు కావాలి. సొసైటీ దగ్గర అంత డబ్బు లేదు. డబ్బున్నవాళ్లు లీజుకు వచ్చారు. కాగితం మీద పేరు సొసైటీది, చేప ఇంకొకరిది. మా వాళ్లకు ఏడాదికి కొంత లీజు వాటా, గట్టు మీద కాపలా కూలి. ఈ ఏర్పాటులో 76 వేల ఎకరాల సరస్సు యజమానులు దాని కాపలాదారులయ్యారు. 2004లో వెలువడిన ఉపగ్రహ చిత్రాల అధ్యయనం ఒకటి, పరిశీలించిన 245 చదరపు కిలోమీటర్ల సరస్సులో 42 శాతం చేపల చెరువులే ఆక్రమించాయని, వాటి సంఖ్య వెయ్యి దాటిందని లెక్కగట్టింది. అవన్నీ వలవేటగాళ్లవే అయితే ఈపాటికి మా లంకల్లో ఒక్క పూరిల్లు ఉండకూడదు.

2006లో గట్లు పగిలినప్పుడు పోయింది కూడా మొదట మా కాపలా కూలే. లీజుదారు పక్క మండలానికి వెళ్లి ఇంకో చెరువు తవ్వుకున్నాడు. మా వాళ్లు హైదరాబాదు, చెన్నై పనులకు వెళ్లారు. ఇస్తామన్న ప్రత్యామ్నాయ ఉపాధి చాలామందికి అందలేదు. గట్లు పగలగొట్టడం తప్పని నేను అనను. పగలగొట్టి వెళ్లిపోవడం తప్పు. సరస్సు తిరిగి సరస్సుగా మారి, చేప వచ్చేదాకా ఆ కుటుంబాలు ఏం తినాలో ఆలోచించకపోవడం వల్లే, ఏడాది తిరక్కుండా గట్లు మళ్లీ లేస్తుంటే మా ఊళ్లలో అడ్డుపడినవాళ్లు లేకపోయారు.

4. గుర్రపుడెక్క, దోమ, దారి.

పెదయడ్లగాడి వంతెన ఖానాల (కింద నీరు పోయే దారుల) దగ్గర గుర్రపుడెక్క పేరుకుపోయిన ఫొటో ప్రతి వర్షాకాలం జిల్లా పేపర్లో వస్తుంది. అధికారులు వచ్చి పరిశీలిస్తారు. మనుషులను పెట్టి కొంత తీయిస్తారు. మళ్లీ ఏడాది అదే ఫొటో. మురుగులోని సారం తిని అది బలుస్తోంది, కాబట్టి మురుగు ఆగనిదే డెక్క ఆగదు. దాని కింద నీటికి గాలాడదు, చేప తేలిపోతుంది, దోమ పెరుగుతుంది. వంతెన దగ్గర నీరు ఆగితే ఎగువన ఊళ్లు మునుగుతాయి. నెలలు నిండిన ఆడకూతుర్ని ట్రాక్టరు మీదో పడవలోనో కైకలూరు చేర్చే ఊళ్లు ఇంకా ఉన్నాయి.

5. చెరువు చేప తినేవాళ్ల సంగతి.

కోళ్ల దుకాణాల వ్యర్థాలు డ్రమ్ముల్లో, లారీల్లో రాత్రిపూట కొల్లేరు వైపు వస్తాయి. నిషేధం ఉంది. అప్పుడప్పుడు వాహనాలు పట్టుకుంటారు. నిషేధించిన ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్‌కు ఆ కుళ్లు మేపుతారు. ఆ దారిన ముక్కు మూసుకుని బడికి వెళ్లేది మా పిల్లలు. చేప వెళ్లేది దూర ప్రాంతాల మార్కెట్లకు. దీని మీద ఎక్కువ రాయను, మీకు తెలియనిది కాదు.

6. పక్షులు.

ఆటపాకలో గూడబాతులు ఇనప చట్రాల మీద గూళ్లు పెడుతున్నాయి. చెట్లు లేక అటవీ శాఖ కట్టించిన చట్రాలు అవి. చూడటానికి వచ్చేవాళ్లు ముచ్చటపడతారు, మాకూ అవంటే ఇష్టమే. అవి మా వల మీద వాలి చేప ఎత్తుకుపోతాయి, అయినా ఇష్టమే. వాటి కోసం ఈ లేఖ రాయడం లేదు. పిల్లకు పెట్టడానికి చేప దొరికినంత కాలం అవి ఇక్కడ ఉంటాయి, దొరక్కపోతే ఎగిరిపోతాయి. మాకు ఆ సౌకర్యం లేదు.

అవతలి వాదన కూడా నిజాయితీగా చెప్పాలి. ఐదో కాంటూరు లోపల వేల ఎకరాల జిరాయితీ (సొంత పట్టా) భూములున్నాయి. తాతల నాటి పట్టాలున్న రైతులు ఇరవై ఏళ్లకు పైగా అమ్ముకోలేక, సాగు చేసుకోలేక, పరిహారం అందక నలిగిపోతున్నారు. వాళ్లది న్యాయమైన బాధ. కానీ దానికి మందు పరిహారం ఇవ్వడం. వాళ్ల పేరు చెప్పి గీత దించితే, 170 చదరపు కిలోమీటర్లకు పైగా సరస్సు చట్టం నుంచి బయటికి పోతుంది, అందులో జిరాయితీ కొంతే. మిగతాదంతా ఎవరి చేతికి పోతుందో సభలో తెలియనివాళ్లు లేరు. ఇంకో మాట. అభయారణ్యం హద్దు మార్చడం రాష్ట్ర ప్రభుత్వం ఒక్కటీ చేయగలిగేది కాదు, వన్యప్రాణి చట్టం ప్రకారం జాతీయ వన్యప్రాణి బోర్డు సిఫారసు ఉండాలి. పైగా 2025లో కూడా కొల్లేరు సంగతి సుప్రీంకోర్టు ముందు నడిచింది. ఇదంతా తెలిసి కూడా ప్రతి ఎన్నికకూ "మూడుకు దించుతాం" అని జిరాయితీ రైతుకు ఆశ పెట్టడం అతన్ని మోసం చేయడమే. ఆ ఆశ వల్లే పరిహారం మాట వెనక్కి పోయింది.

మేము అడుగుతున్నవి:

1. కాంటూరు తగ్గించాలన్న కోరికను శాసనసభ వదులుకోవాలి. 2008 తీర్మానానికి బదులుగా, ఐదో కాంటూరును కాపాడతామని, లోపలి జిరాయితీదారులకు పరిహారం ఇస్తామని కొత్త తీర్మానం చేయాలి.

2. ఐదో కాంటూరు హద్దు రాళ్లు నేల మీద పాతాలి. మ్యాపు ప్రతి గ్రామ సచివాలయంలో తెలుగులో పెట్టాలి. లోపల ఉన్న ప్రతి చెరువు విస్తీర్ణం, అది ఎవరి పేరున ఉంది, నిజంగా ఎవరు సాగు చేస్తున్నారు అన్న జాబితా బయటపెట్టాలి. ఈ జాబితా ఒక్కటి వస్తే పేదల చెరువులు ఎన్నో, పెద్దల చెరువులు ఎన్నో అందరికీ తెలిసిపోతుంది. అందుకే రావడం లేదని మా అనుమానం.

3. గట్లు తొలగించే ముందే, తొలగించిన తర్వాత కాదు, సొసైటీ సభ్యుల కుటుంబాలకు ఉపాధి చూపాలి. గుర్రపుడెక్క తొలగింపు, ఉప్పుటేరు పూడికతీత, కిక్కిస తిరిగి నాటడం, ఇవన్నీ మా చేతికి తెలిసిన పనులే. కాంట్రాక్టర్లకు కాకుండా మత్స్యకార సంఘాలకు నేరుగా ఇవ్వాలి. తొలగింపు పెద్ద లీజుదారుల గట్లతో మొదలుపెట్టాలి. సంప్రదాయ వలవేటకు హక్కు పత్రాలు ఇచ్చి, మావులు పెట్టుకున్నవాడి మీద కేసులు ఆపాలి.

4. ఉప్పుటేరు పూడిక, ఆక్రమణలు తీయాలి. రెగ్యులేటర్ల పని ఎంతవరకు వచ్చిందో, ఎప్పటికి పూర్తవుతుందో తేదీతో చెప్పాలి. పెదయడ్లగాడి దగ్గర డెక్క తీసే పని ఏటా మే నెలాఖరుకు పూర్తి కావాలి, వరద వచ్చాక పడవేసుకుని పరిశీలించడానికి రావద్దు.

5. లంక గ్రామాలన్నిటికీ గోదావరి, కృష్ణా కాల్వల నీరు శుద్ధి చేసి పైపుల ద్వారా ఇవ్వాలి. సరస్సు నీరు, బోరు నీరు, చేప, ఈ మూడింటిలో పురుగుమందులు, భార లోహాలు ఎంత ఉన్నాయో మూడు నెలలకోసారి పరీక్షించి ఫలితాలు ఊళ్లో ప్రకటించాలి.

6. ఎగువ పట్టణాలు మురుగును శుద్ధి చేయకుండా కాల్వల్లోకి వదలకూడదు. కోళ్ల వ్యర్థాలు మోసే డ్రైవరుతో సరిపెట్టకుండా, కొన్న చెరువు యజమాని మీద, అమ్మిన దుకాణం మీద కూడా కేసు పెట్టాలి.

7. నీళ్లు, గట్లు, చేపలు, పక్షులు అన్నీ ఒకే అధికార సంస్థ కిందికి తేవాలి. అందులో సగం మంది లంక గ్రామాల వాళ్లు ఉండాలి, వాళ్లలో ఆడవాళ్లు ఉండాలి. టిన్ను నీళ్లకు డబ్బు లెక్కపెట్టేది వాళ్లే.

సభ్యులందరికీ ఒక చివరి మనవి. ఈ లేఖ అందిన ప్రతి ఎమ్మెల్యే, ఎమ్మెల్సీ ఒకే ఒక్క వాక్యం జవాబు రాయండి: కాంటూరు తగ్గింపుకు మీరు అనుకూలమా, వ్యతిరేకమా. కారణాలు రాయకపోయినా ఫరవాలేదు. వచ్చిన జవాబులన్నీ ఫాల్గుణంలో కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతరకు వచ్చే జనం చదువుకునేలా ఒక బోర్డు మీద అంటిస్తాం. జవాబు ఇవ్వని సభ్యుల పేర్లకు కూడా అదే బోర్డు మీద చోటు ఉంచుతున్నాం.

ఇట్లు,
కొల్లేరు లంక గ్రామాల మత్స్యకార కుటుంబాల తరఫున,
ఒక వలవేటగాడు